పేరు చెప్పలేదుగా

నగరంలో ఆయన దుకాణం నాలుగు రోడ్లు కలిసే చోట ఉండేది. రెండు కుర్చీలు, ఒక పొడవాటి అద్దం, పక్కనే బస్సులు మలుపు తిరిగే మూల. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే కత్తెర పట్టాడు. పనితనం అంతంత మాత్రం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. జనం వచ్చేది మాటల కోసం.

ఆయనకొక పద్ధతి ఉండేది. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి, గడ్డానికి నురగ పట్టించి, కత్తి గొంతు దాకా వచ్చాక మెల్లగా అడిగేవాడు. "ఇంట్లో అంతా బాగున్నారా?" అంతే. ఆయన కత్తి తుడిచి మళ్ళీ ఎత్తేలోగా కుర్చీలో మనిషి ఏదో ఒకటి కక్కేసేవాడు. భార్య మీద అనుమానం. తమ్ముడి మీద కోర్టు కేసు. ఆఫీసులో పడ్డ అవమానం. ఆ మనిషి లేచి వెళ్ళి ఇంకొకడు కూర్చోగానే ఈయన మొదలుపెట్టేవాడు.

"ఒకాయన ఉన్నాడు లెండి..."

పేరు మాత్రం చెప్పేవాడు కాదు. అది ఆయన నీతి. కోటిమంది తిరిగే ఊళ్ళో 'ఒకాయన' అంటే ఎవరూ కాదు. ఎవరైనా కావచ్చు. వినేవాడు నవ్వుకునేవాడు, కథలో మనిషి తన బస్సులో తాను పోయేవాడు, ఆ ఇద్దరూ జన్మలో ఎదురుపడేవారు కాదు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు," అనేది భార్య.

"పేరు చెప్పానా?" అనేవాడు.

ఆవిడకి ఊపిరి జబ్బు. దుకాణం వెనక గదిలోనే కాపురం. బస్సుల పొగ నేరుగా వంటింట్లోకి వచ్చేది. ఏ వాక్యమైనా మూడో మాట దగ్గర ఆగిపోయేది. మిగిలింది చేత్తో చెప్పేది. డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పట్టి చూసి, "ఊరు మారండి. లేదంటే మందులు మారుస్తూ ఉండండి," అన్నాడు.

కుర్చీలో కూర్చున్న ఒకాయనే ద్వీపం సంగతి చెప్పాడు. నూట నలభై ఇళ్ళు. పొగగొట్టం లేదు, బస్సు లేదు. క్షవరానికి జనం లాంచీ ఎక్కి అవతలి ఒడ్డుకి పోతారు. ఈయన ఒక కుర్చీ అమ్మేసి, రెండోదాన్ని గోనెపట్టాలో చుట్టి, భార్యని తీసుకుని వెళ్ళిపోయాడు.

ద్వీపం వాళ్ళు కుర్చీని నలుగురు కలిసి మోసుకొచ్చి రేవు పక్క గదిలో దించారు, కాపురానికి ఊరి చివర ఒక ఇల్లు చూపించారు. ఆయనకి 'కత్తెరన్న' అని పేరు పెట్టారు. పది రోజుల్లో తలలన్నీ అయిపోయాయి. ఇక జుట్టు పెరిగేదాకా ఆగాలి. ఉప్పుగాలికి కత్తెర తుప్పు పట్టింది. అద్దం మీద మచ్చలు లేచాయి. అందరికీ తెలిసిన క్రాఫులు రెండే: పొట్టిది, ఇంకా పొట్టిది. ఇవేవీ ఆయన పట్టించుకోలేదు. భార్య మూడో మాట దగ్గర ఆగకుండా తిట్టడం మొదలుపెట్టింది. అది చాలు.

"అటూ ఇటూ కాకుండా పడేశావు కదయ్యా నన్ను, ఇక్కడ పచ్చిమిరపకాయ కావాలన్నా సముద్రం దాటాలి," అని ఒక్క ఊపిరిలో అనేసి, తనే ఆశ్చర్యపోయి నవ్వింది.

నిజంగానే అన్నీ సముద్రం దాటాలి. లాంచీ మంగళవారం, శనివారం వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. ఎవరికేం కావాలో చీటీ రాసి, లాంచీ నడిపే సరంగు చేతికిస్తే అతనే తెచ్చేవాడు. ఆవిడ పీల్చే మందు కూడా అలాగే వచ్చేది. సరంగుకి యాభై ఏళ్ళుంటాయి. తక్కువ మాట, ఎక్కువ మర్యాద. ద్వీపంలో రాయని చట్టం ఒకటుంది. సరంగు నీళ్ళ వంక చూసి "సముద్రం బాగోలేదు" అన్నాడంటే ఆ రోజు ఏ పడవా మనుషుల్ని ఎక్కించుకోదు. మారుమాట ఉండదు.

మూడో నెలలో సరంగు గడ్డానికి వచ్చాడు. నురగ, కత్తి, గొంతు. "ఇంట్లో అంతా బాగున్నారా?" సరంగు చాలాసేపు అద్దంలోకి చూశాడు. తర్వాత చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాడు. లేచి వెళ్తూ, "మనసు తేలికైందన్నా," అన్నాడు.

తర్వాత కూర్చున్నది లెక్కల మాస్టారు.

"ఒకాయన ఉన్నాడు లెండి మాస్టారూ. ముప్పై ఏళ్ళుగా నీళ్ళ మీదే బతుకు. ఈత మాత్రం రాదు. సీటు కింద గాలి కొట్టిన లారీ ట్యూబు దాచుకుని తిరుగుతాడు. పెళ్ళానికి కూడా తెలీదట. అల లేచినప్పుడల్లా కాలితో తడుముకుంటాడట, ఉందా లేదా అని."

మాస్టారు నవ్వలేదు. అద్దంలో ఆయన కళ్ళు చిన్నవయ్యాయి.

"ఈ ద్వీపానికి లాంచీలు ఎన్ని కత్తెరన్నా?"

"ఒకటే కదండీ."

అన్నాక ఆయన చెయ్యి గాల్లో ఆగింది.

"అయితే లెక్క తేలిపోయింది," అని మాస్టారు నురగ ఎగిరిపడేలా నవ్వాడు.

"నేను పేరు చెప్పలేదుగా మాస్టారూ. పేరు చెప్పలేదుగా."

"నువ్వు చెప్పడమెందుకయ్యా, ఇంక ఊరు చెబుతుంది."

ఊరు చెప్పింది. మర్నాటికి సరంగు పేరు ట్యూబు. ట్యూబు వచ్చాడా, ట్యూబు ఏమన్నాడు. నగరంలో మారుపేరు చొక్కా లాంటిది, వీధి మారితే విడిచేయొచ్చు. ఇక్కడ అది చర్మం. మొదట నవ్వింది సరంగు పెళ్ళామే అని చెప్పుకున్నారు.

సరంగు క్షవరానికి రావడం మానేశాడు, అంతే. గడ్డం పెరిగింది. అది వేలెడు పొడవయ్యేసరికి మిగతావాళ్ళ మాట కూడా ఆగిపోయింది. వచ్చేవారు, కూర్చునేవారు, పెదవులు బిగించుకుని గీయించుకుని వెళ్ళేవారు. "ఇంట్లో అంతా బాగున్నారా?" అని ఆయన అడిగితే, "కానీ అన్నా, తొందరగా," అనేవారు. మాట లేకపోతే ఆయన చెయ్యి నడవదు. వారంలో ఇద్దరికి గాట్లు పడ్డాయి.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఎన్నిసార్లు చెప్పాను. వెళ్ళి కాళ్ళు పట్టుకో," అంది భార్య.

"పేరు చెప్పానా నేను?"

"చెప్పినా బాగుండేది. వేరేవాళ్ళ పేరు చెప్పినా బాగుండేది."

వానలు పట్టాయి. ఇక్కడ పొగ లేదన్న మాట నిజమే. చెమ్మ ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. గోడలు లోపలి నుంచి పచ్చబడ్డాయి. పరుపు పిండితే నీళ్ళు వచ్చేలా ఉండేది. ఆవిడ మాటలు మళ్ళీ మూడో దగ్గర ఆగాయి, తర్వాత రెండో దగ్గర. మందు డబ్బా తేలికైపోయింది.

మంగళవారం ఆయన చీటీ ఇచ్చాడు. సాయంత్రం రేవులో సరంగు అందరి సామాన్లూ పంచి, చివర ఈయన చీటీ ఈయనకే తిరిగిచ్చాడు.

"మందు పేరు రాశానుగా తమ్ముడూ."

"మందు పేరుంది. మనిషి పేరు లేదన్నా. పేరు లేకపోతే ఎవరిదని అడగను?"

వెనకున్నవాళ్ళు విరగబడి నవ్వారు. ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించాడు.

శనివారం చీటీ నిండా భార్య పేరు, తన పేరు, ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాశాడు. సాయంత్రం సరంగు భుజాలు ఎగరేశాడు. "పేర్లన్నీ బాగున్నాయి. మందే దొరకలేదు."

నిజమో కాదో ఎలా తెలుస్తుంది. మంగళవారం తానే వెళ్దామనుకున్నాడు.

గురువారం పొద్దున పదకొండింటికి ఆవిడకి ఊపిరి అందడం మానేసింది. డబ్బా నొక్కితే ఉత్త గాలి. గోడకి రెండు చేతులూ ఆనించి నిలబడి, ఈలలాంటి చప్పుడు చేస్తూ, అతికష్టం మీద రేవు వైపు చెయ్యి చూపించింది. పక్కింటావిడని పిలిచి కూర్చోబెట్టి, ఆయన పరిగెత్తాడు.

సరంగు లాంచీ పక్కకి పట్టిన నాచు గీకుతున్నాడు. బోర్లించిన పడవ మీద నలుగురు కూర్చుని ఉన్నారు.

"తమ్ముడూ, మీ వదినకి ఊపిరాడటం లేదు. అవతలికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే."

సరంగు గీకడం ఆపి నీళ్ళ వంక చూశాడు. తీరుబడిగా చూశాడు.

"సముద్రం బాగోలేదన్నా."

దూరంగా రెండు చేపల పడవలు పోతున్నాయి. ఆయన వేలు చూపించాడు.

"అవి చేపల కోసం వెళ్తాయి. మనుషుల్ని మొయ్యవు."

ఆయన పడవ మీద వాళ్ళ వైపు తిరిగాడు. ఒకడు కాళ్ళ వంక చూసుకుంటూ, "సరంగు బాగోలేదన్నాక మేమెలా వెళ్తాం కత్తెరన్నా," అన్నాడు.

"కాసేపు చూద్దాం, కూర్చో," అన్నాడు సరంగు. "ఊరికే ఎందుకు, ఒక కథ చెప్పు. బాగా చెబుతావటగా. అందరూ విన్నారు, నాకే చెప్పలేదు."

ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఒకాయన ఉన్నాడు..." అన్నాడు.

"పేరు?"

ఆయన తన పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. తనకే ఈత రాదన్నాడు. నీళ్ళంటే భయమన్నాడు. ట్యూబు తనదే అన్నాడు. సరంగు గురించి తాను చెప్పిందంతా అబద్ధమన్నాడు. పడవ మీద నలుగురూ విన్నారు. ఎవరూ నవ్వలేదు.

"బాగుంది," అన్నాడు సరంగు. "సముద్రం మాత్రం బాగోలేదు."

మళ్ళీ నాచు గీకాడు. ఆయన ఇంటికి పరిగెత్తి చూసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ అడిగాడు, ప్రతిసారీ అదే మాట. రెండు దాటాక పక్కింటావిడే ఆవిడ నడుం పట్టుకుని రేవుకి నడిపించుకొచ్చింది. నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చారు. ఆవిడ పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

సరంగు చేతిలో గీకుడు చెక్క జారింది.

"ఇంత మీదికొచ్చిందని చెప్పలేదే?"

"చెప్పాను కదా! పొద్దున్నించీ చెబుతూనే ఉన్నాను కదా!"

"నువ్వు చెప్పేవన్నీ కథలే అనుకున్నాం," అన్నాడు పడవ మీద ఒకడు.

సరంగు తాడు విప్పాడు. నీళ్ళ వంక చూడలేదు. సముద్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

అవతలి ఒడ్డుకి గంటంపావు. ఆవిడ పడుకోలేకపోయింది. కూర్చుంటేనే కాస్త గాలి అందేది. ఆయన ఆవిడకి వీపు అప్పగించి, ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ ఆయన వీపుకి ఆనుకుని, చుక్కాని దగ్గర నిలబడ్డ సరంగు వైపు మొహం పెట్టి కూర్చుంది.

"వచ్చేశాం, ఇదిగో వచ్చేశాం," అన్నాడు ఆయన. "ఆస్పత్రి రేవు పక్కనేనట. మన వీధిలో ఒకావిడకి ఇలాగే వస్తే, ఒక్క సూదిమందుతో లేచి కూర్చుందట, ఆ రోజు..."

వెనక నుంచి ఆవిడ చెయ్యి వచ్చి ఆయన మోచేతిని పట్టుకుంది.

"నువ్వు," అంది. చాలాసేపటికి, "మాట్లాడకు," అంది.

ఆయన నోరు మూసుకున్నాడు. ఆవిడ మాట అక్షరాలా విన్నది పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆయన దగ్గలేదు, మూలగలేదు, వెనక్కి తిరగలేదు. కదిలితే ఆవిడకి ఆసరా పోతుందని బిగుసుకుని కూర్చున్నాడు. అవతల గోడౌన్లు కనిపించాయి. వాటి రేకులు కనిపించాయి. రేవులో నిలబడ్డ మనుషులు, వాళ్ళ చొక్కాల రంగులు కనిపించాయి. వీపు మీద బరువు కాస్త పెరిగినట్టుంది. నిద్రపట్టిందేమో, మంచిదే అనుకున్నాడు.

ఇంజను చప్పుడు తగ్గింది. లాంచీ నీళ్ళ మీద మెల్లగా జారుతోంది.

"ఎందుకు తగ్గించావు తమ్ముడూ?" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండానే, గుసగుసగా, ఆవిడకి వినబడకుండా.

సరంగు ఆవిడ మొహం మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఇంక తొందరేముందన్నా," అన్నాడు.