మరియక్క దిబ్బకు రెండు కొబ్బరికాయలు

రాయవే గ్రేసీ, చెప్పింది చెప్పినట్టు రాయి. మా మరియక్క నాతో మాట మానేసి రెండేళ్లయింది. ములకలపల్లి అవతల రెండు వాగుల మధ్య దిబ్బ మీద ఒక్కతే ఉంటుంది. ఎవరు వచ్చినా గేటుకు తాళమే. నన్నైనా లోపలికి రానిస్తుందో లేదో తేల్చుకుందామని, మనవరాలివి నిన్ను తోడు తీసుకుని పొద్దున ఎనిమిదింటికి జూలూరుపాడులో బస్సెక్కాను. ఆడవాళ్లం కాబట్టి టికెట్టు సున్నా.

కొత్తగూడెంలో ఇడ్లీ తిని బస్సు మారాం. పాల్వంచ దాటాక నువ్వు ఫోన్లో చూసి చదివావు. నడిసముద్రంలో ఒక దీవి ఉందట. అక్కడివాళ్లు బయటివాళ్లను రానివ్వరట, దగ్గరికొస్తే బాణాలేనట. ఒకప్పుడు కొందరు కొబ్బరికాయలు నీళ్లలో వదిలి వెనక్కి జరిగితే, అవి మాత్రం తీసుకున్నారట.

"వాళ్ల జాగ, వాళ్ల ఇష్టం. చెప్పకుండ ఇంటి మీదికొస్తే ఎవ్వలు ఊకుంటరు?" అంది పక్క సీట్లో గాజుల బుట్ట పెట్టుకున్నామె.

కండక్టరు నిట్టూర్చాడు. "గా బాణాలు ఏడ దొరుకుతయో చెప్పున్రి. మా అత్తగారోళ్లు ఐతారం వస్తున్నరు."

నాకు ఉపాయం తట్టింది. ములకలపల్లిలో దిగి రెండు కొబ్బరికాయలు కొన్నాను. వాగు దాకా ఆటో, ఆ తర్వాత మోకాళ్ల లోతు నీళ్లు. గేటు ముందు కాయలు పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాం.

అక్క వచ్చింది. కాయలు చెవి దగ్గర ఊపి చూసింది.

"గ్రేసీ, మీ అమ్మమ్మకు చెప్పు. నాయి కట్టుడు పళ్లని చర్చంత చాటింపేసింది. లోపలికి రావచ్చు గని, నోరు తెరిస్తే బయటికే. ప్రార్థన ఒక్కటి చేసుకోవచ్చు."

ఒంటిగంటకు అన్నం, చేపల పులుసు. పులుసులో ఉప్పు లేదు. మూడు ముద్దల దాకా ఓర్చుకున్నాను. ఇక లాభం లేదని కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, ఈ పులుసుల ఉప్పు లేదన్న సంగతి నీకెరుకే."

అక్క కూడా కళ్లు మూసింది. "ప్రభువా, ఉప్పు డబ్బా ఆమె మోకాలి పక్కనే ఉన్నది. కండ్లు తెరిపియ్యి."

"ప్రభువా, పళ్ల సంగతి చెప్పుడు నాదే తప్పు. మా అక్క కోపం తీసెయ్యి తండ్రీ."

అక్క కళ్లు తెరవకుండానే పులుసు గిన్నె నా వైపు జరిపింది.

"ప్రభువా, ఇంకో చేప ముక్క ఏసుకోమను."

"ఆమెన్!" అని అరిచావు నువ్వు.

నాలుగింటికి గేటు దగ్గర అక్క నా తల మీద చెయ్యి పెట్టింది. "ప్రభువా, క్షేమంగ ఇల్లు చేర్చు. వచ్చే నెల మళ్ల తోలియ్యి. నోరు మాత్రం ఇంట్ల పెట్టి తోలియ్యి."

ఆ దిబ్బకు వెళ్లేవాళ్లుంటే వినండి. కొత్తగూడెంలో బస్సు మారాలి, ముదురు కాయలు కొనాలి, పిలిచేదాకా ఇవతలే నిలబడాలి. నడిసముద్రం వాళ్ల జోలికి మాత్రం అసలు పోవద్దు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నాకు తెలిసొచ్చింది. పాపం, ఆ దీవివాళ్లకు నాలాంటి నోరాగని చెల్లెళ్లు చాలామందే తగిలి ఉంటారు.