ట్యాంకు నిండిన కబురు

రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో నేను మార్కాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. కోపం నా ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు తగ్గిందని నేనంటాను, మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఆ కోపాన్నంతా ఒక ఎండాకాలం గోరంత చిప్పు మీద చూపించాను. అదీ మా పెద్దమ్మ మేకల కోసం.

పెద్దమ్మది పుల్లలచెరువు అవతల, అడివి అంచున ఒక చిన్న పల్లె. పెద్దనాయన పోయాక ఆమెకు తోడూ, సంపాదనా, కాలక్షేపమూ అన్నీ ఆ మేకలే. ఊరికి ఉన్నది ఒకే బోరు, అదీ దూరంగా వాగు దగ్గర. ట్యాంకేమో గుట్ట మీద. ట్యాంకు నిండాక ఎవరో ఒకరు వాగుదాకా నడిచిపోయి మోటారు ఆపాలి, వాళ్లు చేరేలోపు నీళ్లు పొర్లిపోయేవి. బోరులో నీళ్లే అంతంతమాత్రం. పొద్దుటి విడతలో పొర్లితే సాయంత్రం విడతకు బోరు గుర్రుమనేది, చివరి ఇళ్లకు బిందెడు కూడా దక్కేవి కాదు. అందుకని కుళాయి నీళ్లు మనుషులకే గాని పశువులకు పెట్టకూడదని ఊళ్లో కట్టుబాటు చేసుకున్నారు. మేకలకు గుట్ట వెనక బండ దొనలో ఊట ఉంది, వాటికి అదే ఆధారం.

"ఈ ఎండలకు బోరు గూడా పోయిందంటే మేకల్ని అమ్మేసి మీ ఇంటికాడికొచ్చి కూచుంటాలే," అన్నది పెద్దమ్మ ఒకరోజు. నవ్వుతూనే అన్నది గానీ, మేకల బేరగాడికి అప్పటికే కబురు పెట్టిందని తర్వాత తెలిసింది. మేకలు లేని పెద్దమ్మ మా వసారాలో ఊరికే కూర్చుని ఉండటం తలుచుకుంటేనే నాకు ప్రాణం ఉసూరుమంది.

మార్కాపురంలో మోటార్ల వైండింగ్ దుకాణం నడిపే మా తమ్ముడూ నేనూ కలిసి ఒక ఏర్పాటు చేశాం. ట్యాంకు దగ్గర ఒక పెట్టె, బోరు దగ్గర ఒక పెట్టె. నీళ్లు అంచుకు రాగానే పై పెట్టె 'నిండింది' అని రేడియోలో కబురు పంపుతుంది, కింది పెట్టె మోటారు ఆపుతుంది. చిక్కంతా మధ్యలోనే. గుట్టలు, చెట్లు, కరెంటు తీగలు దాటి వచ్చేసరికి కబురు సగం చెడిపోయేది. అందుకే దానికి కొన్ని అదనపు గుర్తులు తగిలించి పంపుతాం. అవతల ఆ గుర్తుల్ని గుంపులు గుంపులుగా సరిచూసి, తప్పెక్కడుందో కనిపెట్టి దిద్దుకునే పని కింది పెట్టె చిప్పులో నేను రాసిపెట్టిన డీకోడర్‌ది. దిద్దడం పూర్తిగా తేలితే తప్ప మోటారు ఆపకూడదని పెట్టాను, లేకపోతే ఏదో పిచ్చి కూతకు మోటారు ఆగిపోయి ట్యాంకే నిండదు.

దిద్దేది, కానీ ఎంత తీరుబడిగానో. మా చిప్పు చౌకది. చిన్న సోలార్ పలక మీద బతికేది, ఒకసారికి ఒక్క లెక్కే చేసేది. నేనేమో పుస్తకంలోని పద్ధతినంతా పొల్లు పోకుండా దాని నెత్తిన రుద్దాను. గుణకారాలు, లాగరిథమ్‌లు, ఆపైన సరిచూసిందే మళ్లీ మళ్లీ సరిచూస్తూ ముందే నిర్ణయించిన చుట్లన్నీ తిరగడం. దాని లెక్క తేలేసరికి ట్యాంకు ఎప్పటిలాగే పొర్లుతూ ఉండేది.

"అక్కా, నేను నడిచిపోయి మోటారు ఆపేసి, టీ తాగి వచ్చినాను. నీ పెట్టె ఇంకా ఆలోచిస్తానే ఉంది," అన్నాడు తమ్ముడు.

"నీ నోరు కూడా కాస్త ఆలోచిస్తే బాగుండు," అన్నాను. ఒళ్లు మండిపోయింది. వాడన్నది నిజం కావడమే నా మంట.

ఇక పట్టుబట్టి కూర్చున్నాను. సెలవులన్నీ ల్యాబులోనే గడిచాయి. ఒక్కో చుట్టులో ఏమవుతోందో తెలియడానికి చిన్న దీపాలు పెట్టి చూస్తే, కబురు చాలాసార్లు మొదటి చుట్లలోనే సరిపోతోంది. ఆ తర్వాతి తిరుగుడంతా భోజనం అయ్యాక కూడా విస్తరి ముందు కూర్చోవడమే. గుర్తులన్నీ కుదరగానే లేచిపొమ్మన్నాను. తర్వాత గుణకారాల పని పట్టాను. గుంపులో ఒక్కో గుర్తు ఎంత నమ్మదగిందో తూచి లెక్కలు కట్టే బదులు, అన్నిటికంటే నమ్మకం తక్కువైన రెండింటిని చూసుకుంటే చాలు, గుంపు మాటకు అంతకు మించి విలువ ఉండదు. దాంతో గుణకారాలు పోయి పోల్చుకోవడమొక్కటే మిగిలింది. చివరగా, ఒక గుంపు దిద్దినదాన్ని చుట్టు పూర్తయ్యేదాకా దాచకుండా పక్క గుంపు అప్పటికప్పుడే వాడుకునేలా చేశాను. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు, ఎప్పుడో పెద్దవాళ్లు చేసినవే. అయినా అవన్నీ నా గోరంత చిప్పులో ఒదిగి కూర్చున్న రోజు సంతోషం పట్టలేక ఈల వేశాను. అటెండరు తలుపు తీసి చూసి, మళ్లీ మెల్లగా మూసేశాడు.

పల్లెలో దాన్ని బిగించిన రోజు పండగే. పైన నీళ్లు అంచుకు తాకాయి, కింద మోటారు ఠక్కున ఆగింది. చుక్క పొర్లలేదు. ఆ సాయంత్రం చివరి ఇంటి కుళాయిలో కూడా ధార కట్టింది. పెద్దమ్మ నాకు దిష్టి తీసింది, తర్వాత పెట్టెకు కూడా తీసింది.

వారం తిరక్కముందే ఆమె ఫోను చేసింది.

"కుళాయి నీళ్లకేం, బాగా వస్తున్నాయి. బండ ఊటే ఎండిపోయిందే. ఇన్నేండ్లలో ఎప్పుడూ అట్ల కాలేదు. బేరగాడు రేపు వస్తానన్నాడు. మేకల్ని ఒకసారి చూసిపో," అన్నది. గొంతు మామూలుగానే ఉంది. నాకే ఏడుపొచ్చింది.

తెల్లారి తమ్ముడి బండి మీద బయల్దేరాం. దారిపొడవునా ఎండనూ, రోడ్డునూ, మొహం చాటేసిన వానలనూ తిడుతూనే ఉన్నాను. పెద్దమ్మను వెంటబెట్టుకుని నేరుగా గుట్ట వెనక్కి నడిచాను. దొన అడుగున పాచి ఎండి అట్టకట్టింది. మేకలు దాన్ని మూచూసి, ఇక మీరే దిక్కన్నట్టు మా వంక చూస్తున్నాయి. ఊట ఎక్కణ్ణుంచి వచ్చేదో చూద్దామని తమ్ముడు దొన పైనున్న కంపను పక్కకు లాగాడు. బండ నెర్రెలో ఒక పైపు మూతి కనిపించింది. దాని వెంట చూపు పైకి పోనిచ్చాం. అది ట్యాంకు పొర్లు గొట్టం.

తమ్ముడు బండ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, ఈ ఊట ఎప్పుడు పడింది?" అని అడిగాను.

"ట్యాంకు కట్టిన ఏడే పడింది. గంగమ్మ దయ అని టెంకాయ గూడా కొట్టినాం."

"ఆ గంగమ్మను నేనే ఆపేసినాను పెద్దమ్మా. ట్యాంకు పొర్లితేనే నీకు ఊట."

పెద్దమ్మ పైపును చూసింది, నన్ను చూసింది, నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఏందే ఇది? నీళ్లన్నీ దండగైపోతున్నాయని అందరికంటే గట్టిగా అరిచింది నేనే గదే," అని ఆమె కూడా పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఇప్పుడేంజేస్తావు? మళ్లీ ఆ మొద్దు చిప్పే పెడతావా?" అన్నది.

దాని అవసరం లేదు. పాతది తన ఇష్టమొచ్చినంత సేపు పొర్లించి బోరును ఎండబెట్టేది. కొత్తది చెప్పిన క్షణంలో ఆపుతుంది గనక, కాస్త ఆగి ఆపమన్నా వింటుంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బోరు దగ్గరే కూర్చున్నాను. సాయంత్రం విడతలో మాత్రం, కబురు అందాక దొన నిండేంత సేపు ఆగి మోటారు ఆపమని రాశాను. సెలవులన్నీ ధారపోసి తీసేసిన ఆలస్యంలోంచి చారెడు మళ్లీ నా చేత్తోనే పెట్టాను. ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పలేదు, సగం ఇళ్ల టీలో పడేవి ఆ మేకల పాలే.

పొద్దు వాలుతుండగా బేరగాడు వచ్చాడు. మేకల నడుములు తడిమి చూస్తూ ధర చెప్పబోతున్నాడు. పైన ట్యాంకు నిండింది, కంప వెనక పైపు గుడగుడమంది. మేకలన్నీ అతని చేతుల కిందనుంచి జారిపోయి దొన దగ్గరికి పరుగెత్తాయి. అతను తాడు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"పోయిరా నాయనా, అమ్మేటివి లేవు," అన్నది పెద్దమ్మ. "మా ఊట మళ్లీ పడింది. మా పాప పెట్టిన ఊట."

మేకలు కడుపునిండా తాగి తలలు ఎత్తేసరికి, కింద మోటారు ఆగింది.