తోడల్లుడి బండిలో కెమెరా

మా పెదనాన్న పొద్దున డ్యూటీకి వెళ్ళగానే తన బండి అద్దం తుడిచేవాడు కాదు. ముందు మా నాన్న బండి దగ్గరకెళ్ళి, అద్దం వెనక బిగించిన కెమెరాని ఓసారి చూసేవాడు. ఆ తర్వాతే గుడ్డ తడిపేవాడు. చూడకపోతే మొహం కడుక్కోనట్టు ఉండేదట.

అక్కచెల్లెళ్ళను చేసుకున్న ఈ ఇద్దరూ పోలీసు గస్తీ బండ్ల డ్రైవర్లు. నాన్నకి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందే పెదనాన్న. ఆ మధ్య గస్తీ బండ్లకి కెమెరాలు వచ్చాయి, కొత్త బండ్లకి మాత్రమే. పెదనాన్నది పాత జీపు. "దీని బ్యాటరీకి హారను మోగించడమే గొప్ప, కెమెరా కూడానా?" అన్నాడు మెకానిక్.

అంతటితో పోతే పెదనాన్న ఊరుకునేవాడే. కానీ కొత్త డ్రైవర్లకి నేర్పే మాస్టరుని వీడియోలు చూసి ఎంచుతామన్నారు. ఆ ఉద్యోగం మీద ఆయనకి ఎన్నాళ్ళ నుంచో ఆశ. రోజూ స్టేషనులో హాజరు పిలిచాక పెద్ద సార్ మా నాన్న వీడియో తెర మీద వేస్తే, పెదనాన్న గోడవైపు తిరిగి చెవి గోక్కునేవాడు.

ఇంట్లో పెద్దమ్మ ఆ మంటలో ఇంకాస్త నెయ్యి పోసేది. "మా చెల్లి మొగుడు టీవీలో పడుతున్నాడటగా?"

"టీవీ కాదే, కంప్యూటరు."

"ఏదైతేనేం, మీరు పడట్లేదుగా."

ఆ పూట ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నాన్న "అన్నయ్యా" అని పలకరిస్తే, "నీకేం బాబూ, హీరోవి" అనేవాడు. మా ఇంటికి రావడం మానేశాడు. నాకు పాత పుస్తకాలు తెచ్చిచ్చేది ఆయనే. అవీ ఆగిపోయాయి.

నాన్నకి జ్వరం వచ్చిన రోజు ఆ బండి పెదనాన్న చేతికొచ్చింది. నున్నగా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని మరీ ఎక్కాడట. కెమెరా రోడ్డునే చూస్తుందని, రోజూ గోడవైపు తిరిగే ఆయనకెవరూ చెప్పలేదు. నాన్న బండి నడుపుతూ నోరు విప్పడు కాబట్టి, మాటలు కూడా పడతాయనీ తెలియలేదు. పక్క సీట్లో కానిస్టేబులు ఆయన సణుగుడుకి అలవాటుపడ్డవాడు, పట్టించుకోలేదు.

మర్నాడు సార్ ఆ వీడియో వేశారు. నాన్న కూడా అక్కడే ఉన్నాడు. తెర మీద దువ్విన తల ఎక్కడా లేదు. రోడ్డుంది, దాని మీద పెదనాన్న గొంతుంది.

"ఇదిగో, ఈ మలుపు. మా తోడల్లుడైతే మలుపులోకి దూరాక బ్రేకు తొక్కుతాడు, దద్దమ్మ. ముందే తగ్గించి, మెల్లగా లాక్కుపోవాలి. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది." కాసేపటికి తెర మీద ఓ బడి, ఆగి ఉన్న బస్సు. "ఇక్కడ వాడు హారను కొడతాడు. హారను వింటే పిల్లలు బెదిరి రోడ్డు మధ్యలో నిలబడిపోతారు. కొట్టకూడదు, ఆగాలి." బండి ఆగింది. బస్సు ముందునుంచి ఓ పాప పరుగెత్తుకుంటూ రోడ్డు దాటింది. "ఇలాంటివాడికి కెమెరా ఒకటి."

గదంతా నవ్వు. పెదనాన్నకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సార్ మా నాన్న వైపు తిరిగారు.

"బ్రేకు సంగతి నిజమేనా?"

"నిజమే సార్. నాకొచ్చిన ఆ కాస్త డ్రైవింగూ ఆయన తిట్లతో వచ్చిందే."

"తిట్లు తీసేస్తే ఇది పాఠమేనయ్యా" అన్నారు సార్.

మాస్టరు ఉద్యోగం పెదనాన్నకే ఇచ్చారు. కొన్నాళ్ళు మొహం మాడ్చుకోవడం నాన్న వంతయింది. పెదనాన్న మళ్ళీ పుస్తకాలు తెస్తున్నాడు. ఆయన నేర్పే బండికి కెమెరా లేదు. పెట్టమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.