టీచరమ్మ నేర్పిన భూతకాలం

మా పైవాటాలో ఉండే టీచరమ్మ సోమవారం ఉదయం పోయారు. వాళ్ల అమ్మాయి మెట్లు దిగి వచ్చి, "అక్కా, అమ్మీ ఎంత లేపినా లేస్తలేదు, జెర రా," అంది. నేను స్టవ్ ఆపి, పాలమీద మూత పెట్టి మరీ వెళ్లాను. ఎందుకంత నిదానంగా వెళ్లానో ఇప్పటికీ తెలియడం లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

బన్సీలాల్‌పేట్‌లో మా గల్లీ పిల్లలందరికీ ఆమే ఇంగ్లిష్ చెప్పేవారు. స్కూల్లో రిటైరయ్యాక కూడా మానలేదు. నాకు మాత్రం ముప్పై దాటాక చెప్పారు. మా ఆయన స్కూలు వ్యాను నడిపేవాడు. గుండెపోటుతో పోయాడు. బొల్లారంలో ఒక కంటి ఆసుపత్రిలో రిసెప్షన్ పని ఉందన్నారు కానీ, ఇంగ్లిష్ మాట్లాడటం రావాలి.

"పరేషాన్ కాకు. సాయంత్రం పైకి రా," అన్నారు టీచరమ్మ.

పుస్తకం తియ్యలేదు. చేటలో బియ్యం ఏరుతూ, ఆ రోజు నేనేం చేశానో అడిగేవారు. ఐ కుక్‌డ్. ఐ వాష్‌డ్. "ఐ డిడ్ నాట్ వాష్‌డ్" అని నేనంటే నవ్వేవారు.

"డిడ్ వచ్చి కూసుంటే చివర ఉన్న 'ఈడీ' లేచిపోవాలె బిడ్డా. ఇద్దరికీ ఒక్కటే కుర్చీ."

"మరి 'గో' పోయి 'వెంట్' ఎట్లయింది టీచర్?"

"కొన్ని గంతే. ఎందుకని అడగొద్దు, అలవాటు చేసుకోవాలె."

ఒక్కచోట మాత్రం ఆగిపోయేదాన్ని. భర్త గురించి అడిగితే "మై హస్బెండ్ ఈజ్ ఎ డ్రైవర్" అనేదాన్ని. ఆమె దిద్దేవారు కాదు. వేరే ప్రశ్నకు వెళ్లిపోయేవారు. ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం మళ్లీ అడిగారు.

"హీ వాజ్ ఎ డ్రైవర్. హీ డైడ్," అన్నాను.

ఆమె చేతులు బియ్యంలో ఆగిపోయాయి. కరెక్ట్ అనలేదు. "కూసో, చాయ్ పెడ్తా," అని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను మాత్రం ఏడవలేదు.

మర్నాడు ఆసుపత్రిలో ఆ మాటే తడబడకుండా చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఇవాళ్టికీ మా ఇల్లు దానిమీదే నడుస్తోంది.

సోమవారం మధ్యాహ్నం టీచరమ్మను మోసుకుంటూ జనాజా గల్లీ దాటింది. అందరూ ఏడుస్తుంటే నేను చాయ్ గ్లాసులు కడిగాను. సాయంత్రం నల్లా వచ్చింది. రోజూలాగే మా బిందెల తర్వాత ఆమె బకెట్ పెట్టాను. అది నిండాకగానీ ఏం చేశానో తెలియలేదు. పారబొయ్యడానికి చేతులు రాలేదు. పైకి మోసుకెళ్లి ఆమె తలుపు పక్కన దించాను. అంచుదాకా ఉన్న నీళ్లు కాసేపు ఊగి, నిలిచాయి.