ఆగితే చచ్చిపోయే చేప, మా అవ్వ మంద

వానలు పడుతున్నాయని పాత పెట్టె తెరిస్తే అవ్వ గొంగడి వాసన గుప్పుమంది. తాండూరులో బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి వచ్చిన కాళ్లు ఇంకా సలుపుతున్నాయి, అయినా ఆ వాసన వదలక పెట్టె పక్కనే కాసేపు నిలుచుండిపోయాను.

అవ్వంటే మా నాయిన తల్లి. మర్పల్లిలో పంటలు కోసేశాక గొర్రెలను తోలుకుని ఊరూరా తిరిగేది, ఎరువు కోసం పిలిచినవాళ్ల చేనులో రాత్రికి మంద పెట్టేది. ఎండాకాలం సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. కాళ్లకు గుచ్చుకునే కంది మోళ్లు, జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయల తొక్కు, ఈనిన గొర్రె పాల జున్ను, గొర్రెపిల్లలతో పరుగు పందాలు, ఇవన్నీ నావి. నడక మాత్రం అవ్వది.

ఒక ఏడాది నేను చదివే వికారాబాద్ బడి నుంచి సముద్ర జీవుల పుస్తకం తెచ్చి, అందులోని మాకో సొరచేప గురించి అవ్వకు చదివి వినిపించాను. నీలం వీపు, తెల్లటి పొట్ట, నోరు మూసినా బయటికి కనబడే పళ్లు. సొరచేపలన్నిటిలోకీ అదే వేగం. చుట్టూ నీళ్లు చల్లగా ఉన్నా ఒళ్లు వెచ్చగా ఉంచుకుంటుంది. ఈదుతుంటేనే మొప్పల్లోకి నీళ్లు పోయి ఊపిరాడుతుంది, ఆగితే చచ్చిపోతుంది. సముద్రం చూడని అవ్వకు అన్నీ గొర్రెల లెక్కే. అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుందంటే సంబరపడింది, పుట్టిన పిల్లను తల్లి చూడదనగానే ముఖం చిన్నబుచ్చుకుంది.

“మరి ఎప్పుడు పండుకుంటదే?” అని అడిగింది. పుస్తకంలో అది లేదు.

ఆ వానాకాలం అవ్వ మోకాళ్లు వాచాయి. నాయిన గొర్రెలు అమ్మేస్తానన్నాడు. అవ్వ నన్ను ముందుకు నెట్టి, “గా చాప ముచ్చట మీ నాయినకు సదివి చెప్పు బిడ్డ. ఆగితే సస్తదని చెప్పు” అంది. భయంభయంగా చదివాను. నాయిన చివరిదాకా విన్నాడు.

“గది చాప, బిడ్డ. గీమె మా అమ్మ” అన్నాడు.

మంద అమ్ముడుపోయిన రోజు అవ్వ చచ్చిపోతుందని నా గట్టి నమ్మకం. ఆ రాత్రి మంచం పక్కన కూర్చుని ఆమె ఊపిరి చూస్తూ చూస్తూ నేనే నిద్రపోయాను. అవ్వ మరునాడు పొద్దెక్కేదాకా గురకపెట్టి, లేచి, ఖాళీ దొడ్డిని చాలాసేపు చూసింది.

“పాపం, గా చాపకు కొడుకు లేకపాయె” అంది.

ఇప్పుడు చేలల్లో ఎరువు బస్తాలే తప్ప మందలు కనబడవు. అవ్వ లేదు, నాయినా లేడు. గొంగడి ఇంట్లోనే దండెం మీద ఆరేసి, నా బిడ్డకు ఫోన్‌లో మాకోను చూపించాను. అది నీళ్లు చీల్చుకుంటూ పోతూనే ఉంది. బిడ్డ కాసేపు దాన్ని చూసి, తర్వాత నా కాళ్లు చూసింది.

“అమ్మా, జర కూసో” అంది.

“రొట్టెలు చేసి కూసుంట” అన్నాను.