అందరి చేతిలో ఒకే పన్ను

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆమె లెక్చరర్. ట్రైనింగ్ విద్యార్థులు బడుల్లో పాఠం చెబుతుంటే చివరి బెంచీ మీద కూర్చుని మార్కులు వేసేది. అందుకని వాళ్లు పెట్టిన పేరు వెనకబెంచీ మేడం. ఆ పేరు ఆమెకు తెలుసని వాళ్లకు తెలియదు.

ఉద్యోగం చేస్తూనే చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. ఒక మనిషి తాను టీచర్‌నని ఎప్పటినుంచి నమ్ముతాడు? నియామక ఉత్తర్వు చేతికందినప్పుడా, పిల్లలు లేచి నిలబడినప్పుడా? ఆ ప్రశ్న పట్టుకుని తన దగ్గర చదువుకున్న టీచర్లున్న బడుల చుట్టూ తిరిగింది. తెలియనివాళ్లయితే తనిఖీకి వచ్చిందనుకుని నోరు విప్పరు. ఈ నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ప్రొఫెసర్ పదవీ చేజారుతుంది.

ఆదివారం పొద్దున, రికార్డు చేసుకొచ్చిన మాటలు ఫోన్లో వింటూ రాసుకుంటోంది. పక్కన వాళ్లక్క బట్టలు మడతపెడుతోంది.

"మొదటి రోజు ఒక పాప ఊడిన పాలపన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టింది. అప్పుడనిపించింది, నేను టీచర్‌నని," అంది ఫోన్లో గొంతు.

అక్క చెయ్యి ఆగింది. "ఇందాకటావిడ క్లాసులోనూ ఊడింది కదే?"

"పిల్లలన్నాక ఊడవా? నా క్లాసులోనూ ఊడింది."

"అందరికీ మొదటి రోజేనా? అది బడా, పళ్లాసుపత్రా?"

నవ్వేసింది గానీ మిగతావన్నీ మళ్లీ పెట్టుకుని వింది. ఇంకో ఇద్దరు అదే చెప్పారు. వాళ్లలో ఒకాయన పదో తరగతి లెక్కల మాస్టారు. పదో తరగతిలో పాలపళ్లేమిటి? ఎవరో ముందే చెప్పి పెట్టారు. తనతోపాటు అదే పదవికి పోటీలో ఉన్న సహోద్యోగి ముఖం కళ్లముందు మెదిలింది.

మర్నాడు లెక్కల మాస్టారిని అతని బడి స్టాఫ్‌రూములో పట్టుకుంది. "ఆ పన్ను కథ నిన్ను ఎవరు చెప్పమన్నారు?"

అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు. "మీరే కదా మేడం. మీరు బడిలో చేరిన మొదటి రోజంటూ ఏటా క్లాసులో చెప్పేవారు."

"అది నాది. నీకు జరిగిందా?"

"జరిగినట్టే ఉంటుంది మేడం. ట్రైనింగులో అనుభవం రాయమంటే అదే రాశాను. పదికి తొమ్మిది వేశారు." గొంతు తగ్గించాడు. "ఇప్పుడా మార్కులు తీసేస్తారా?"

ఇంటికొచ్చి అక్కనడిగింది. "నేను మొదట బడిలో టీచర్‌గా చేరిన రోజు నీకు గుర్తుందా?"

"ఎందుకు లేదూ? గొంతు పోయి సైగలు చేసుకుంటూ వచ్చావు. రేపట్నుంచి వెళ్లనని ఒకటే ఏడుపు."

"పన్ను?"

"ఆ సంగతి నేను వినడం నిన్ననే."

ఆ పాప ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. చెబుతున్న తన గొంతు, తలలూపుతున్న క్లాసు మాత్రమే గుర్తొచ్చాయి.

విషయం విని ఆమె థీసిస్ గైడ్ తేలిగ్గా తీసుకున్నాడు. "అందరూ ఒకే మాటన్నారంటే అంతకన్నా గట్టి ఆధారం ఏముందమ్మా?"

"నా మాటే నాకు అప్పజెప్పారు సార్. వాళ్ల మాటలతో రాసిన అధ్యాయం తీసేస్తున్నాను. నా దగ్గర చదవనివాళ్లను అడుగుతాను."

"నెలాఖరు?"

"దాటిపోతుంది సార్. మళ్లీ మొదటినుంచి రిజిస్టర్ చేయించుకుంటాను."

ఆయన కళ్లజోడు తీసి ఆమెను పరీక్షగా చూశాడు. "నిజం చెప్పు. వేరే గైడ్‌ని చూసుకున్నావా?"

లేదంది. ఆయన నమ్మలేదు. మెట్లు దిగుతుంటే ఆమెకూ తన మీద పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఇది నిజాయితీయేనా, రేపు ఏ పరీక్షకుడో అక్కలాగే పళ్లు లెక్కపెడతాడన్న భయమా?

వారం తర్వాత తనకెవరూ తెలియని బడికి వెళ్లింది. ఒక టీచర్ బోర్డు తుడుస్తోంది. ఈమె తానెవరో చెప్పుకుని, "ముందు ఇది చెప్పండి. మీరు ట్రైనింగ్ ఎక్కడ చేశారు? మీకు పాఠం చెప్పిందెవరు?" అనడిగింది.

టీచర్ డస్టర్ కింద పెట్టి హెడ్మాస్టరు గదివైపు ఒకసారి చూసింది.

"ఎందుకండీ? నా సర్టిఫికెట్ల మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా?"