అడగని మనిషి

ఇంట్లో అతణ్ని మేధావి అంటారు. మేధావుల సంఘం పెట్టే ఐక్యూ పరీక్ష నెగ్గి సభ్యత్వం తెచ్చుకున్న రోజు అక్క పెట్టిన పేరది. బయోడేటాలో చదువుకన్నా పైన ఆ సభ్యత్వాన్నే రాసుకున్నాడు. ప్రాణం పోయినా ఎవర్నీ ఏదీ అడగడు. దిగాల్సిన స్టాపు దాటిపోతే నోరెత్తకుండా వెనక్కి నడిచొస్తాడు. "అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా!" అంటుంది అక్క. ఇవాళ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకీ అంతే. ఆఫీసు కనబడక ఆ వీధి చుట్టూ రెండుసార్లు తిరిగి, చెమటకి వీపుకంటుకున్న చొక్కాతో ఆఖరి నిమిషంలో వచ్చి కూర్చున్నాడు.

మేనేజరమ్మ సభ్యత్వం లైను కింద పెన్నుతో గీత గీసింది. "ఇది చూసే పిలిచామండీ. ఇక్కడ రోజూ తెలీని పనే వస్తుంది. ఈమధ్య మీరు 'నాకు తెలీదు, చెప్పండి' అని ఎవరినైనా అడిగారా?" బల్ల కింద అతని బొటనవేలి గోరు చూపుడువేలిని గిచ్చుతూనే ఉంది. ఆవిడ చూపు తిప్పుకోలేదు. "గుర్తు రావట్లేదండీ" అన్నాడు చివరికి. ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. "సరే, కబురు చేస్తాం."

బయట అన్నీ ఒకేలాంటి తలుపులు. లిఫ్టు ఎటో తెలియలేదు. రిసెప్షన్‌లో అమ్మాయి తలెత్తి, "ఏమైనా కావాలాండీ?" అంది.

"అబ్బే, ఏం లేదండీ" అని, మోగని ఫోను చెవికి ఆనించుకుని, వచ్చిన వరండాలోనే మళ్లీ నడవసాగాడు.